ఒకే రిడిమ్, ఎన్నో గొంతులు: ‘రియల్ రాక్’ గురించి మీ ప్రశ్నకు సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. మీ మిత్రులొకరు మూడు రెగే పాటలు పంపారు. ఒకటి జమైకా గాయకుడు విల్లీ విలియమ్స్ పాడిన ‘ఆర్మగిడియన్ టైమ్’, రెండవది పాపా మిచిగన్, జనరల్ స్మైలీ కలిసి చేసిన ‘నైస్ అప్ ద డాన్స్’, మూడవది ‘ఆర్మగిడియన్ టైమ్’నే లండన్‌కు చెందిన ద క్లాష్ బృందం పాడినది. మూడింటిలోనూ కింద నడుస్తున్న బేస్ గిటార్ ఒక్కటేనని మీరు గమనించారు. వీటిలో అసలు ఏది, నకలు ఏది, ఒకరి సంగీతాన్ని మరొకరు ఇంత బాహాటంగా వాడుకుంటుంటే జమైకాలో ఎవరూ అభ్యంతరం చెప్పరా, ఇలాంటి పాటలను వినడం ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి అని అడిగారు.

నేను ఇరవై రెండేళ్లు బర్మింగ్‌హామ్‌లో ఉన్నాను. నా వృత్తి ఎలక్ట్రానిక్ పరికరాల మరమ్మతు. ఆ పని మీదే హ్యాండ్స్‌వర్త్ ప్రాంతంలోని ఒక జమైకన్ సౌండ్ సిస్టమ్ (పెద్ద స్పీకర్లతో రికార్డులు వేసి జనాన్ని నాట్యం చేయించే) బృందంతో పరిచయం కలిగి, పద్నాలుగేళ్లు వారి యాంప్లిఫయర్లు బాగుచేస్తూ, శనివారం రాత్రుళ్లు వారి పెట్టెలు మోస్తూ, ఈ సంగీతాన్ని పుట్టించినవారి పక్కన నిలబడి విన్నాను. అందువల్ల మీ ప్రశ్నకు కొంత వివరంగా సమాధానం చెప్పగలననుకుంటున్నాను.

మొదట చెప్పవలసిన మాట ఏమిటంటే, మీరు విన్న మూడింటిలో ఏదీ దొంగతనం కాదు. ‘అసలు పాట’ అని మీరు వెతుకుతున్నది పాటే కాదు, గాత్రం లేని వాద్య సంగీతం. దాని పేరు ‘రియల్ రాక్’. 1960ల చివరి సంవత్సరాలలో జమైకా రాజధాని కింగ్‌స్టన్ నగరంలో, 13 బ్రెంట్‌ఫర్డ్ రోడ్ చిరునామాలో ఉన్న స్టూడియో వన్‌లో, అక్కడి ఆస్థాన వాద్యబృందం సౌండ్ డైమెన్షన్ దానిని వాయించింది. అలా ఒకసారి నిలిచిపోయి, మీద ఎన్ని పాటలు కట్టినా కింద తానుగా ఉండే బేస్, డ్రమ్ముల నడకనే జమైకన్లు ‘రిడిమ్’ అంటారు. రిదమ్ అన్న మాటకు అది వారి ఉచ్చారణ. కానీ అర్థం లయ ఒక్కటే కాదు. బేస్ వరుస, డ్రమ్ముల దెబ్బ, గిటార్ తుంపు, ఆర్గన్ కదలిక అన్నీ కలిసిన మొత్తాన్ని ఆ మాట సూచిస్తుంది.

తెలుగువారికి ఈ విషయం మొదట తికమకగా ఉండడానికి కారణం ఉంది. మన దగ్గర కూడా ఒకదాని మీద మరొకటి కట్టే అలవాటు చాలా పాతది. భజన పుస్తకాలలో, క్రైస్తవ కీర్తనల పుస్తకాలలో పాట పైన ‘ఫలానా పాట వరుస’ అనో ‘ఫలానా మట్టు’ అనో అచ్చువేస్తారు. అంటే బాణీ పాతది, మాటలు కొత్తవి. హార్మోనియం వాయించాలా, తాళాలు చాలా అన్నది పాడేవారి ఇష్టం. రిడిమ్ విషయంలో జరిగేది సరిగ్గా దీనికి తలకిందులు. అక్కడ వాద్యం నిలిచి ఉంటుంది, బాణీ మారుతుంది. మాటలూ మారతాయి, గొంతు ఎక్కే మెట్లూ మారతాయి, పాట ఎత్తుకునే చోటూ మారుతుంది. ‘ఆర్మగిడియన్ టైమ్’ బాణీకీ ‘నైస్ అప్ ద డాన్స్’ బాణీకీ పోలిక లేదు. మీరు పోల్చుకున్నది వాటి కింద ఉన్న నేలను. ఈ ఒక్క తేడా మనసుకు పట్టిందంటే మీ మిగిలిన ప్రశ్నలలో సగం వాటంతట అవే విడిపోతాయి.

ఇక ‘రియల్ రాక్’ గురించి. స్టూడియో వన్ యజమాని క్లెమెంట్ డాడ్‌ను అందరూ కాక్స్‌సన్ అనేవారు. ఆయన తొలుత సౌండ్ సిస్టమ్ నడిపిన మనిషి. ఊళ్లో ఖాళీ స్థలాలలో పెద్ద పెద్ద స్పీకర్లు నిలబెట్టి, రికార్డులు వేసి, జనాన్ని నాట్యం చేయించే వ్యాపారం అది. తన వేదికకు కావలసిన రికార్డులు తానే తయారు చేసుకోవడానికి 1963లో బ్రెంట్‌ఫర్డ్ రోడ్ స్టూడియో తెరిచారు. ‘రియల్ రాక్’ నాటికి అక్కడ ఆర్గన్ దగ్గర జాకీ మిట్టూ ఉండేవాడు, బేస్ గిటార్ వాయించేవారిలో లెరాయ్ సిబిల్స్ ఒకడు, ట్రాంబోన్ విన్ గార్డన్ ఊదేవాడు. సిబిల్స్ హెప్టోన్స్ అనే గాయక త్రయంలో ప్రధాన గాయకుడు కూడా. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఆయన బేస్ వరుసలు పాడుకోవడానికి వీలుగా ఉంటాయి. గొంతు ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో తెలిసినవాడు కాబట్టి తన తీగ మీద కూడా అక్కడ ఖాళీ వదిలాడని నా నమ్మకం. గార్డన్ కింగ్‌స్టన్‌లోని ఆల్ఫా బాయ్స్ స్కూల్‌లో కన్యాస్త్రీల పర్యవేక్షణలో ఊదడం నేర్చుకున్న పిల్లలలో ఒకడు. జమైకా సంగీతానికి కొమ్ము వాద్యాల కళాకారులను ఆ పాఠశాల అందించినంతగా మరే సంస్థా అందించలేదు.

‘రియల్ రాక్’ను ఒకసారి దగ్గరగా విని చూడండి. వేలితో నాలుగు లెక్కపెడుతూ వింటే, గిటార్ రెండు, నాలుగు లెక్కల మీద పొట్టిగా తెగ్గొట్టినట్టు పలుకుతుంది. ఆ తుంపుల సందులో ఆర్గన్ అన్నం ఉడుకుతున్నట్టు చిన్నగా కుతకుతలాడుతుంది. బేస్ మాత్రం ఏ వాద్యాన్నీ అంటిపెట్టుకోదు. ఒక చిన్న మాట చెప్పి ఆగుతుంది, జవాబు చెప్పుకుని మళ్లీ ఆగుతుంది. మొదటి నుంచి చివరి దాకా అదే మాట, అదే జవాబు. పైన ట్రాంబోన్ కొంత సేపు వాలిపోతున్న పాటలా సాగి తప్పుకుంటుంది. అది తప్పుకున్నప్పుడు మిగిలే ఖాళీయే ఈ రిడిమ్ ఆస్తి. అనంతరం వచ్చిన గాయకులందరూ నిలబడింది ఆ ఖాళీలోనే. కింద స్వరాలు ఎక్కువగా మారవు కాబట్టి గాయకుడు తన బాణీని ఎటు తిప్పినా అపస్వరం పడదు. బేస్ ఆగే చోట్లు తెలిసినవి కాబట్టి తన మాటను ఎక్కడ దించాలో వెదుక్కోనక్కరలేదు.

రిడిమ్ ఒక విడి వస్తువుగా ఎలా మారింది అన్నదానికి ఒక చారిత్రక సందర్భం ఉంది. దాదాపు ఆ సంవత్సరాలలోనే స్పానిష్ టౌన్‌కు చెందిన సౌండ్ సిస్టమ్ యజమాని రడీ రెడ్‌వుడ్ తన వేదిక కోసం ట్రెజర్ ఐల్ స్టూడియోలో పారగాన్స్ బృందం పాడిన ‘ఆన్ ద బీచ్’కు ప్రత్యేక రికార్డు ప్రతి చేయించుకున్నాడు. ఆ పనిలో ఇంజనీరు గాత్రం ట్రాక్‌ను కలపలేదు. పొరపాటైనా సరే దానినే ఉంచమని రెడ్‌వుడ్ తీసుకుపోయి, ఆ రాత్రి మొదట పాట వేసి, వెంటనే గొంతు లేని ప్రతిని వేశాడు. జనం తామే పాట అందుకున్నారు. అప్పటి నుంచి ఏడంగుళాల రికార్డుకు ఒకవైపు పాట, రెండోవైపు గాత్రం తీసేసిన ‘వెర్షన్’ వేయడం జమైకాలో ఆచారమైపోయింది. వెర్షన్ దొరికితే మైకు పట్టుకున్నవాడు ఊరుకోడు కదా. 1970లో యూ రాయ్ అదే ట్రెజర్ ఐల్ పాత పాటల మీద మాటలు విసురుతూ చేసిన మూడు రికార్డులు ఒకే కాలంలో జమైకా రేడియో జాబితాలో మొదటి మూడు స్థానాలలో నిలిచాయి. పాడకుండా లయలో మాట్లాడే ఈ పద్ధతిని టోస్టింగ్ అంటారు, ఆ పని చేసేవాడిని డీజే అంటారు. మనం డీజే అనే మనిషిని, అంటే రికార్డులు వేసేవాడిని, వారు సెలెక్టర్ అంటారు. జమైకా సంగీతం గురించి చదివేటప్పుడు ఈ రెండు పేర్లూ తారుమారు కాకుండా చూసుకోండి. 1974 నాటికి రూపీ ఎడ్వర్డ్స్ అనే నిర్మాత ‘మై కాన్వర్సేషన్’ అనే ఒకే పాట రిడిమ్ మీద ‘యమహా స్కాంక్’ పేరుతో ఆల్బమ్ మొత్తం వేశాడు. ఒకే నేల మీద వరుసగా పన్నెండు ఇళ్లు కట్టినట్టు.

ఇప్పుడు మీ మొదటి పాట దగ్గరకు వద్దాం. 1970ల నడిమికి కింగ్‌స్టన్‌లో మాక్స్‌ఫీల్డ్ అవెన్యూ మీద హూకిమ్ సోదరుల ఛానల్ వన్ స్టూడియో ఊపందుకుంది. వారి వాద్యకారులు స్టూడియో వన్ పాత రిడిమ్‌లను కొత్త దెబ్బతో, మరింత గట్టి డ్రమ్ములతో తిరిగి వాయించి విజయాలు సాధించసాగారు. తన సొత్తు మీద ఇతరులు పంట పండించుకుంటుంటే డాడ్ ఊరక కూర్చోలేదు. అలమరలో ఉన్న అసలు టేపులను దింపి, వాటి మీద అక్కడక్కడ కొత్త వాద్యాలు చేర్పించి, కొత్త గాయకులతో పాడించడం మొదలుపెట్టాడు. గాయకుడు షుగర్ మైనాట్ ఈ పనిలో అందెవేసిన చేయి. పదేళ్ల కిందటి వాద్యం మీద ఈ రోజు పుట్టిన మాటను ఎంత సహజంగా కూర్చోబెట్టవచ్చో 1978లో వచ్చిన ఆయన ‘లివ్ లవింగ్’ ఆల్బమ్ చూపింది. విల్లీ విలియమ్స్ ‘ఆర్మగిడియన్ టైమ్’ కూడా ఆ వరుసలోనిదే. ‘రియల్ రాక్’ పుట్టిన దాదాపు పదేళ్లకు, 1970ల చివర, అదే టేపు మీద అతడు గొంతు కలిపాడు.

ఆ పేరు గురించి ఒక్క మాట. తెలుగు బైబిలులో ప్రకటన గ్రంథం పదహారవ అధ్యాయంలో హార్‌మెగిద్దోను అని కనిపిస్తుందే, లోకాంత యుద్ధానికి రాజులు పోగయ్యే చోటు, అదే ఇది. జమైకాలో పుట్టిన రాస్తాఫారీ మతానికి చెందిన భక్తులు ఆ పదాన్ని బైబిలులోని గిద్యోను పేరు వినిపించేలా ఆర్మగిడియన్ అని పలుకుతారు. బైబిలును పదం పదంగా నోట నాన్చుకుని, తమ బ్రతుకుకు తగ్గట్టు తిప్పి పలకడం వారి భాషా సంప్రదాయం. అప్పటి కింగ్‌స్టన్‌లో ఆ మాట ఎంతో దూరపు జోస్యంలా వినిపించి ఉండదు. 1976లో దేశంలో అత్యవసర పరిస్థితి విధించారు. రెండు రాజకీయ పక్షాల తుపాకులు పేటలను పంచుకున్నాయి. 1980 ఎన్నికల సంవత్సరంలో వందల మంది హతులయ్యారు. ఆ నడుమ వచ్చిన ఈ పాటలో విలియమ్స్ ప్రళయాన్ని వర్ణించడు, అగ్నినీ గంధకాన్నీ కురిపించడు. ఈ రాత్రి చాలామందికి తిండి ఉండదని, ఈ రాత్రి చాలామందికి న్యాయం దొరకదని చెబుతాడు. అంతే. గొంతు పెంచడు. అన్నం ముందు చెప్పి న్యాయం తరువాత చెప్పాడన్నది నేను ఎన్నోసార్లు తలచుకున్న విషయం. ఆ రెండు మాటల మధ్య బేస్ తనంతట తాను ఆగుతుంది. పదేళ్ల కిందట మరెవరి కోసమో వదిలిన ఆ ఖాళీలో వినేవాడికి ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. సంతోషంగా అడుగులు వేయడానికి పుట్టిన ఒక వాద్యం, ఒక్క స్వరం కూడా మారకుండా, ఆకలి గురించిన పాటకు ఇంతగా అమరిపోవడం చూస్తే రిడిమ్ అనే ఏర్పాటు ఎంత లోతైనదో అర్థమవుతుంది.

‘నైస్ అప్ ద డాన్స్’ 1979 నాటిది, అది కూడా స్టూడియో వన్‌లోనే తయారైంది. మిచిగన్, స్మైలీ ఇద్దరూ డీజేలు. ఒకరు విసిరిన మాటను మరొకరు గాలిలోనే అందుకుంటారు. మన జంట కవుల అవధానంలో ఒకరి పాదం ఆగిన చోట రెండవవారు ఎత్తుకోవడం చూసినవారికి ఆ సొగసు వెంటనే తెలుస్తుంది. విలియమ్స్ ఖాళీని ఖాళీగా వదిలిన చోట వీరిద్దరూ దానిని మాటలతో నింపుతారు. అదే టేపు, అదే బేస్, కానీ ఒకటి వింటే తల వాలుతుంది, మరొకటి వింటే మడమ లేస్తుంది. అందుకే వీటిలో అసలేది, నకలేది అన్న ప్రశ్న ఇక్కడ నిలవదు.

క్లాష్ సంగతి వేరు. వారు పాత టేపు మీద పాడలేదు, విలియమ్స్ పాటనే తీసుకుని తమ వాద్యాలతో కొత్తగా వాయించారు. వారు చేసినది రిడిమ్ మీద కొత్త పాట కట్టడం కాదు, ఉన్న పాటను తిరిగి పాడడం. 1979 డిసెంబరులో వచ్చిన ‘లండన్ కాలింగ్’ రికార్డుకు రెండోవైపు అది వెలువడింది. మంచి పాటకు రెండు నిమిషాల యాభై ఎనిమిది సెకన్లు చాలునని వారి సహచరుడు కాస్మో వినైల్ చెబుతూ ఉండేవాడట. రికార్డింగులో సరిగ్గా ఆ సమయానికి అతడు గుర్తుచేయబోతే, గాయకుడు జో స్ట్రమర్ ఇంకా వేడి మీద ఉన్నామని, తొందరపెట్టవద్దని గదమాయించి వాయిద్యం కొనసాగించాడు. ఆ మాటలు రికార్డులో అలాగే ఉండిపోయాయి. శ్రద్ధగా వినండి, దొరుకుతాయి. నాకు ఆ ఘట్టం ఇష్టం. ఈ రిడిమ్ మీద నిలబడినవారికి దిగబుద్ధి కాదన్నది దూరదేశపు పంక్ కుర్రవాళ్ల విషయంలో కూడా నిజమైంది.

పుట్టుకతోనే పాటగా ఉండి రిడిమ్‌గా మారినవీ ఉన్నాయి. వాటిలో శిఖరం అబిసీనియన్స్ బృందం వారి ‘సట్టా మసాగనా’. బర్నార్డ్ కాలిన్స్, డొనాల్డ్ మానింగ్, లిన్‌ఫర్డ్ మానింగ్ 1969లో స్టూడియో వన్‌లోనే దానిని రికార్డు చేశారు. రాత్రి లేని, పగలు మాత్రమే ఉన్న దూరదేశం గురించి మైనర్ స్వరాలలో ముగ్గురూ కలిసి పాడిన ప్రార్థన అది. శీర్షికలో అమ్హారిక్ భాష మాటలు వాడారు. ఇది అమ్ముడుపోదని డాడ్ టేపును పక్కన పడేశారు. రెండేళ్లు చూసి, గాయకులు తొంభై పౌండ్లకు దానిని కొనుక్కుని, 1971లో క్లించ్ అనే సొంత లేబుల్ మీద విడుదల చేసుకున్నారు. ఆ పాట అనేక చోట్ల రాస్తాఫారీ కీర్తనలా పాడుకునేదయింది. దాని రిడిమ్ మీద బిగ్ యూత్, డిలింజర్ వంటి డీజేలు మాటలు కట్టారు, టామీ మెకుక్ శాక్సఫోన్ ఊదాడు, అబిసీనియన్స్ వారే దాని మీద మరికొన్ని రికార్డులు చేశారు. నా మట్టుకు నేను ‘రియల్ రాక్’ కంటే దీనిని ఒక మెట్టు పైన ఉంచుతాను. అయితే కొత్తగా వినేవారికి ముందు ‘రియల్ రాక్’నే సూచిస్తాను. ‘సట్టా’ రిడిమ్ మీద ఎవరు పాడినా వెనుక మూలగీతం నీడ కనబడుతూనే ఉంటుంది, ‘రియల్ రాక్’కు అటువంటి నీడ లేదు.

ఈ సంగతులు రికార్డులు వినడం వల్ల కొంత తెలిశాయి కానీ, మనసుకు ఎక్కింది మాత్రం ఒక రాత్రి. హ్యాండ్స్‌వర్త్‌లో ఒక చర్చి హాలు అద్దెకు తీసుకుని పుట్టినరోజు వేడుక చేస్తున్నారు. బేస్ పెట్టెలు మనిషి ఎత్తున ఉన్నాయి, ఒక్కొక్కదానిలో పద్దెనిమిది అంగుళాల స్పీకర్లు రెండేసి. మా బృందం పెద్దాయన, అప్పటికే డెబ్బై దాటినవాడు, మొదట ‘రియల్ రాక్’ వాద్యాన్ని ఒక్కదానినే వేశారు. రెండు నిమిషాలు గడిచాక రెండో టర్న్‌టేబుల్ మీది రికార్డుకు మారారు. వాద్యం మారలేదు, గొంతు మాత్రం వచ్చి చేరింది. దాని తరువాత మరొక గొంతు. ఆపైన ఆడగొంతు, ఆ వెనుక డీజే, ఆ తరువాత మా సౌండ్ సిస్టమ్ పేరును పాటలో కలిపి ప్రత్యేకంగా పాడించుకున్న డబ్‌ప్లేట్. దీనిని వారు జగ్లింగ్ అంటారు. దాదాపు అరగంట హాలు ఒకే బేస్ మీద కదిలింది. నేను యాంప్లిఫయర్ వెనుక కూర్చుని వాల్వుల వేడి చూసుకుంటున్నాను. వీపు ఆనించిన గోడ లోపలి నుంచి బేస్ ఎముకల్లోకి వస్తోంది. విల్లీ విలియమ్స్ గొంతు వచ్చిన క్షణాన ముందు వరుసలో ఉన్న వృద్ధురాలు చేతి గాజులతో గోడను దబదబ కొట్టింది. అది మెచ్చుకోలు, మళ్లీ మొదటి నుంచి వేయమన్న ఆజ్ఞ. పెద్దాయన సూది ఎత్తి, రికార్డును చేత్తో వెనక్కు తిప్పి, తిరిగి వేశారు. ఆవిడకు ఆ వాద్యం అప్పటికి నలభై ఏళ్లుగా తెలుసు. ఆ రాత్రి కూడా అప్పటికే ఆరుసార్లు వినిపించింది. అయినా ఆ గొంతు కోసం ఎదురుచూసింది. తెలిసిన రాగాన్ని విద్వాంసుడు ఎత్తుకుంటే సభలో పెద్దలు తల పంకించేది ఎందుకో, ఆవిడ గోడను కొట్టింది కూడా అందుకే.

ఇక జమైకాలో ఎవరూ అభ్యంతరం చెప్పరా అన్న ప్రశ్నకు సమాధానం అంత హాయిగా ఉండదు. గాయకులు ఒకరి మీద ఒకరు సాధారణంగా చెప్పుకోరు, ఎందుకంటే అందరూ ఆ నేల మీదనే నిలబడ్డారు. కానీ ఆ నేలను దున్నిన వాద్యకారులకు దక్కింది చాలా తక్కువ. స్టూడియోలో రోజు పనికి ఇంత అనో, పాటకు ఇంత అనో కూలి ముట్టేది. ఆపైన ఆ టేపు మీద ఎన్ని రికార్డులు అమ్ముడైనా వారికి వాటా ఉండేది కాదు. లేబుల్ మీద రచయితగా తరచు నిర్మాత పేరే ఉండేది. 1993లో కొత్త కాపీరైట్ చట్టం వచ్చేవరకు జమైకాలో అమలులో ఉన్నది 1911 నాటి బ్రిటిష్ చట్టమే. పైగా కాపీరైట్ ఆలోచన మాటలకూ బాణీకీ యజమానిని గుర్తించినంత సులువుగా బేస్ నడకకు గుర్తించదు. ఇక్కడ పాటకు ప్రాణం పోసేది ఆ నడకే అయినప్పుడు ఇది చిన్న లోటు కాదు. రిడిమ్ అందరిదీ అన్న మాట అందమైనదే. అయితే అందరిదీ అన్నప్పుడు దానిని వాయించిన చేతులు మాత్రం మరుగున పడిపోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

నేను నివసించిన ఊరిలోనే దీనికి చెప్పుకోదగిన ఉదాహరణ ఉంది. 1982లో బర్మింగ్‌హామ్ బడిపిల్లల బృందం మ్యూజికల్ యూత్ పాడిన ‘పాస్ ద డచీ’ బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. అది మైటీ డైమండ్స్ వారి ‘పాస్ ద కౌచీ’కి పిల్లల రూపం. కౌచీ అంటే గంజాయి చిలుము. పిల్లల నోట బాగుండదని దానిని వంట కుండగా, అంటే డచీగా, మార్చారు. డైమండ్స్ పాట నిలబడినది స్టూడియో వన్‌లో పుట్టిన ‘ఫుల్ అప్’ అనే పాత వాద్యం మీద. ఆ రచయితల పేర్లలో ఇద్దరు డైమండ్స్ గాయకులతో పాటు జాకీ మిట్టూ పేరు కూడా చేరింది. ఒక రిడిమ్ కట్టినవాడి పేరు ప్రపంచమంతా అమ్ముడైన రికార్డు మీద కనిపించడం అరుదు కాబట్టి ఈ సంగతిని గుర్తుపెట్టుకున్నాను. మిట్టూ అప్పటికి చాలా ఏళ్లుగా టొరంటోలో స్థిరపడి ఉన్నాడు. 1990లో నలభై రెండేళ్ల వయసులో చనిపోయాడు. డాడ్ 2004 మే నెలలో మరణించారు. అంతకు కొద్ది రోజుల ముందు బ్రెంట్‌ఫర్డ్ రోడ్ పేరును స్టూడియో వన్ బూలవార్డ్‌గా మార్చారు.

చివరగా, ఎక్కడ మొదలుపెట్టాలన్నది. ముందు ఫోను స్పీకరులో వినడం మానండి. ఆ చిన్న స్పీకరులో గిటార్ తుంపు, గొంతు మాత్రమే వస్తాయి, బేస్ రాదు. బేస్ లేని రిడిమ్ అంటే పప్పు లేని సాంబారు. మంచి హెడ్‌ఫోన్లు కానీ, కాస్త పెద్ద స్పీకర్లు కానీ కావాలి. పునర్ముద్రణలు కొనేటప్పుడు కూడా జాగ్రత్తగా ఉండండి. నేను ఒకసారి తపాలాలో తెప్పించుకున్న సంకలనంలో పాత రికార్డు గరగరను తొలగించే ఉత్సాహంలో బేస్‌ను కూడా గీకేశారు. అమ్మినవారికి రాస్తే జవాబు రాలేదు. స్టూడియో వన్ పాత ముద్రణలలో ఆ గరగర ఎలాగూ ఉంటుంది, దానికి భయపడకండి.

మొదటి రోజు సౌండ్ డైమెన్షన్ వారి ‘రియల్ రాక్’ ఒక్కటే నాలుగైదు సార్లు వినండి. ట్రాంబోన్‌ను వదిలేసి బేస్‌ను నోటితో అనగలిగే వరకు వినండి. రెండవ రోజు ‘ఆర్మగిడియన్ టైమ్’, ఆ వెంటనే ‘నైస్ అప్ ద డాన్స్’ వేసుకుని, బేస్ ఆగిన ప్రతిచోటా పాడేవారు ఏం చేస్తున్నారో చూడండి. క్లాష్ పాట ఆ తరువాత వినండి. అప్పుడు వారు ఏది ఉంచారో, ఏది తమదిగా మార్చుకున్నారో మీకే వినబడుతుంది. ‘సట్టా మసాగనా’ను మరో వారానికి వాయిదా వేయండి, దానిని రాత్రి పూట, ఇల్లు సద్దుమణిగాక వినండి. ఈ వరుసలో వినడం పూర్తయ్యాక మీ మిత్రులు పంపిన పాటలలో ఇంకేదైనా పోలిక తగిలితే ఇక్కడే రాయండి. ఆ బేస్ వరుసను అక్షరాలలో ‘దుమ్ దుదుమ్’ అని రాసినా సరే, అది ఏ రిడిమో చెప్పడానికి ప్రయత్నిస్తాను.